మిత్రుడంటే ఎవరు?

 

నానార్థాలు అడిగితే ‘మిత్రుడు’ అన్న మాటకు స్నేహితుడు, సూర్యుడు అని రాసేవాళ్లం. ఆ రెండర్థాలూ ఒక్క మాటలో ఎలా కలిశాయో చెబుతాను.

క్రీ.పూ. 14వ శతాబ్దంలో హిట్టైట్, మితన్ని రాజులు సంధి చేసుకున్నారు. నేటి టర్కీలోని బొగజ్‌కోయ్‌లో దొరికిన ఆ మట్టిపలకల మీద సాక్షి దేవతల్లో మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులు ఉన్నారు. మిత్రుడు ఇచ్చిన మాటకు కాపలా దేవుడన్నమాట. పార్శీల అవెస్తాలో మిథ్రుడిదీ అదే పని. ఋగ్వేదంలో సూర్యుడు మిత్రావరుణుల కన్ను. పోను పోను ఆ పేరు సూర్యుడికే దక్కింది. సూర్యనమస్కారాల్లో మొదటి నామం అదే.

ఇరాన్‌లో మిథ్ర ‘మెహర్’ అయింది. పారశీకంలో ఆ మాటకు సూర్యుడు, ప్రేమ అని రెండర్థాలూ ఉన్నాయి. వరాహమిహిరుడి పేరులోని ‘మిహిర’, హైదరాబాదులో వినే ‘మెహర్బానీ’ ఆ ఇంటివే. సూర్య విగ్రహాన్ని ప్రతిష్ఠించవలసింది మగులని బృహత్సంహిత చెబుతుంది. ఆ మగులు ఇరాన్ మూలాలున్న పూజారులు.

దేవుళ్లకే ఇంత చుట్టరికం ఉంటే, ఒకే బెంచీ మీద కూర్చున్న మనకెంత ఉండాలి? మతం మాటలతో మనసు విరిగి మన వాట్సాప్ గ్రూపు వదిలిపోయిన మిత్రులు ఈ రోజు ఇక్కడ లేరు. ఇంటికి వెళ్లేలోపు తలొక ఫోను చేద్దాం. సెలవు.