ఒంపు చెడని పదును
(పౌర సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మనం కత్తిపీట అనే పనిముట్టును కన్నడిగులు ఈళిగె మణె అంటారు. తమిళులకు అది అరివాళ్మణై, మరాఠీలకు విళీ, ఒడియా వారికి పనికి. పేర్లు అయిదైనా పని ఒక్కటే. ఊరు విడిచి నగరానికి వచ్చిన మన కుటుంబాలలో చాలామంది ఇళ్ళలో అది నేటికీ ఉన్నది. అయితే వంటింటి గట్టుమీద నిలువుకాళ్ళ వంట వచ్చాక, మొక్కవోయి అటక ఎక్కినది. పదును పోయిన కత్తి పదునైన కత్తికన్నా ప్రమాదకరం. అది కూరగాయలోనికి దిగదు, మనం బలం ఉపయోగిస్తాము, జారినప్పుడు ఆ బలమంతా వేలిమీద పడుతుంది. అందుచేత నేడు వంకర కత్తులకు పదును పెట్టడం గురించి నాలుగు మాటలు చెప్పదలచాను.

పూర్వం సాన పట్టేవారు సైకిలు చక్రానికి సానరాయి బిగించుకొని వీధివీధికి వచ్చేవారు. ఇప్పుడు వారి రాక తగ్గినది. వారి స్థానంలో ఇంట్లోనే వాడుకొనే గైడు సాన పరికరాలు బజారులోనికి వచ్చాయి. వీటి నిర్మాణం సులభం. కత్తిని వెన్నువైపు ఒక క్లాంపులో బిగిస్తాము. క్లాంపు వెనుక, కత్తికన్నా ఎత్తున ఒక రంధ్రం ఉంటుంది. సానరాయికి తగిలించిన కడ్డీ ఆ రంధ్రంలో ఆడుతుంది. చేయి వణికినా రాయి కోణం తప్పదు. వంటింటి కత్తికి ఒక్కొక్క వైపు 15 నుండి 20 డిగ్రీల కోణం చాలును.

అంచు తిన్నగా ఉన్న కత్తికి ఈ పరికరం చక్కగా పనిచేస్తుంది. ఒంపు ఉన్న కత్తి దగ్గర మాత్రం అది మనిషి ఆలోచనను కోరుతుంది. ఈ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను.

నేను కర్మాగారంలో పనిముట్లకు సానపట్టే విభాగంలో చాలాకాలం పనిచేసినవాణ్ణి. మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న కత్తిపీట పదును పోయిందని, మరను విప్పి కత్తిని వేరుచేసి, కొత్తగా కొన్న పరికరంలో బిగించాను. ఆ కత్తి కిందిభాగం తిన్ననిది, పైభాగం వెలికి ఉబికి కొనవైపు తిరిగినది. కిందిభాగంలో ఒక్కచోట బిగించి మొత్తం రుద్దాను. పైభాగంలో మెరుపు వెడల్పుగా వచ్చినది గాని అంచు తెగలేదు. అంచు అందేవరకు ఇంకా రుద్దాను. ఆ వేసవిలో అమ్మ ఆవకాయకు కాయలు కొట్టగా, టెంక తగిలిన చోట అంచు పెళుసుగా రాలిపోయినది. అమ్మ నన్ను ఏమీ అనలేదు. రాలిన చోట వేలు ఆనించి చూసి, పీట పక్కకు జరిపినది. అన్నేళ్ళు సానపట్టిన నా చేతులకు ఆ మౌనం బరువుగా తోచింది.

కారణం లెక్కలో ఉన్నది. రంధ్రం కత్తి తలానికి 70 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నదనుకుందాం. రంధ్రానికి సరిగ్గా కింద ఉన్న బిందువు నుండి అంచు రేఖకు లంబదూరం 190 మిల్లీమీటర్లయితే కోణం సుమారు 20 డిగ్రీలు. అంచు తిన్నగా ఉన్నంతసేపు ఆ దూరం మారదు, కోణమూ మారదు. ఒంపు దగ్గర అంచు దిక్కు తిరుగుతుంది. అక్కడ అంచును తాకే గీతను పొడిగించి కొలిస్తే దూరం 226 కావచ్చు. కోణం 17 డిగ్రీలకు పడిపోతుంది. అంచు పలుచనై, గట్టి టెంకకు తాళలేదు.

నివారణ కూడా ఆ లెక్కలోనే ఉన్నది. కత్తిని దళసరి కాగితంమీద పెట్టి చుట్టూ గీయండి. రంధ్రం కిందికి వచ్చే బిందువును గుర్తించి, మూలమట్టంతో మూడు నాలుగుచోట్ల లంబదూరం కొలవండి. ఆ దూరాలు దాదాపు సమానమయ్యేవరకు బిందువును వెన్నువెంట జరపండి. నా కత్తి విషయంలో బిగింపును కొనవైపు 80 మిల్లీమీటర్లు జరిపేసరికి 226 కాస్తా 193 అయినది. కోణం మళ్ళీ 20కి వచ్చినది. కిందిభాగానికి ఒక బిగింపు, పైభాగానికి మరొక బిగింపు. రెండూ కలిసేచోట తేలికగా రుద్దాలి.

కొడవలివలె లోనికి వంగిన అంచుకు ఈ ఉపాయం చాలదు. వెడల్పు రాయి అక్కడ మూలలతోనే తగిలి గాట్లు చేస్తుంది. సన్నని రాయినో, అర్ధచంద్రాకారపు రాయినో తగిలించి, కొద్దికొద్ది పొడవులుగా పని చేయాలి. పీటకు రివిట్లతో బిగించిన కత్తి క్లాంపులో పట్టదు. దానిని బల్లకు కదలకుండా బిగించి చేతిరాయితోనే నూరాలి.

తీరు సరిగా ఉన్నదో లేదో మార్కర్ పెన్ను చెబుతుంది. అంచు వెంట సిరా పూసి, రెండుసార్లు రాయి నడపండి. అంచున సిరా మిగిలి, దాని వెనుక చెరిగితే కోణం తక్కువైనట్లు. అంచు కొసన మాత్రమే చెరిగితే కోణం ఎక్కువైనట్లు. ఒంపు పొడవునా సిరా సమంగా చెరగాలి. తరువాత ఒకవైపు రుద్దగా రెండవ వైపు అంచున సన్నని లోహపు పొర లేస్తుంది. అది పొడవునా లేచిందని తెలిసిన తరువాతనే వైపు మార్చాలి. చివర సన్నని రాయితో, తోలుపట్టీతో ఆ పొరను తీసివేయాలి.

తొందర పడి వేగంగా తిరిగే మోటారు చక్రానికి కత్తిని ఒప్పగించవద్దు. అంచు నీలిరంగుకు తిరిగితే వేడి సుమారు 300 డిగ్రీలకు చేరినట్లు. మామూలు ఉక్కు కత్తి అక్కడ తన గట్టిదనాన్ని కోల్పోతుంది. నీళ్ళలో ముంచినా అది తిరిగి రాదు.

మరి రెండు విన్నపాలు. సానపట్టేవారు వీధిలోనికి వస్తే, ఇంటి కత్తిని వారికి చూపి ఒంపు చెడకుండా నూరమని అడగండి. నేర్పున్న చేతికి ఈ లెక్క అవసరం లేదు. ఇక పనికిరాని కత్తిని చెత్తబుట్టలో విడిగా వేయవద్దు. అట్టలో చుట్టి, దారంతో కట్టి, పారిశుద్ధ్య కార్మికుని చేతికి చెప్పి ఇవ్వండి. మన వేలు తెగకూడదని పదును పెట్టుకుంటున్నప్పుడు, వారి వేలు తెగకుండా చూడడమూ మన విధియే.

అమ్మ కత్తిపీట రాలిన చోట ఇప్పటికీ చిన్న నొక్కు ఉన్నది. దానిని పూర్తిగా పోగొట్టాలంటే ఒంపును కొంత తినివేయాలి. నేను ఆ పని చేయలేదు. అమ్మ ఆ నొక్కును తప్పించి, మిగిలిన అంచుతో గోంగూర తరుగుతున్నది. ఆకు నలగకుండా తెగుతున్నది.