ఇంటి కంప్యూటరు – దొంగ తాళము



గ్రంథాలయ రజతోత్సవ సభలో పుస్తకములను గూర్చి గాక కంప్యూటరును గూర్చి ప్రసంగమేమని పెద్దలు కొందరు శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. కాని రుషికొండ తీరమున నిలిచి చూచినచో ఒక ప్రక్క జాలరుల పడవలును, మరియొక ప్రక్క గుట్టలమీద కంప్యూటరు సంస్థల మేడలును ఒక్క చూపునకే కనబడును. ఆ మేడలలోని యంత్రములకు కాపలా కాయుటకు జీతగాండ్రు కలరు. ఇండ్లలోని యంత్రములకు ఇంటివారే కాపలా. ఆ యంత్రమునందు ఈనాడు ఏమేమి దాచబడుచున్నదో చూడుడు: అడంగలు నకళ్లు, ఇంటిపన్ను రసీదులు, పిల్లల చదువు పత్రములు, పింఛను కాగితములు, కాలముచేసిన తల్లిదండ్రుల ఛాయాచిత్రములు. పూర్వమివి భోషాణములో నుండెడివి. భోషాణమునకు చెద, ఎలుక, అగ్ని అని ముగ్గురే శత్రువులు. ఈ క్రొత్త భోషాణమునకు నాలుగవ శత్రువు పుట్టినది. దానినే రాన్సమ్‌వేర్ అందురు.

దాని పని దొంగతనము వంటిదే గాని దొంగతనము కాదు. దొంగ వస్తువును ఎత్తుకొనిపోవును. ఇది వస్తువును ఇంటిలోనే యుంచి, దానికి తన తాళము వేసి, తాళపుచెవికి వెల అడుగును. మొట్టమొదట ఇట్టి పని చేసినది 1989లో. జోసెఫ్ పాప్ అను విద్యావంతుడు ఎయిడ్స్ వ్యాధిని గూర్చిన సమాచారమని చెప్పి, సుమారు 20,000 ఫ్లాపీ బిళ్లలను తపాలా ద్వారా పలుదేశములకు పంపెను. ఆ బిళ్లను వాడినవారి యంత్రము తొంబది పర్యాయములు తెరచువరకు బాగుగనే పనిచేసి, ఆ పిమ్మట దస్త్రముల పేర్లన్నియు తారుమారై, 189 డాలర్లు పనామా దేశమందలి ఒక తపాలా పెట్టెకు పంపుమని తాఖీదు చూపెడిది. ఆ తాళము పసిపిల్లల తాళము. దాని చెవి దానిలోనే యుండుటచే తెలిసినవారు సులభముగ విప్పిరి. నేటి తాళము అట్టిది కాదు. వేయుటకు ఒక చెవి, తీయుటకు వేరొక చెవి. వేయు చెవి మాత్రమే యంత్రములోనికి వచ్చును. తీయు చెవి దొంగవద్దనే, ఎచ్చటనో సముద్రముల కావల, నిలిచియుండును. తాళము సరిగా కూర్చబడినచో యంత్రమును ఎంత వెదకినను ఆ చెవి దొరకదు.

2017వ సంవత్సరము మే 12వ తేది, శుక్రవారము. ఆ దినమున వన్నాక్రై అను పేరుగల తాళము ప్రపంచముమీద విరుచుకొనిపడెను. ఒకటి రెండు దినములలోనే నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైబడిన యంత్రములు బిగిసిపోయినవి. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చెను. ఆంధ్రప్రదేశమున పోలీసు శాఖవారి యంత్రములు చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలో దాని వాతబడినవి. తిరుమల తిరుపతి దేవస్థానముల కార్యాలయములలో సైతము కొన్ని యంత్రములు చిక్కినవి. దర్శనములకు మాత్రము భంగము కలుగలేదు. దొంగలను పట్టువారి పెట్టెకు దొంగ తాళము వేయుట ఒక వింత. వడ్డికాసులవాని కొలువున కూర్చుండి 300 డాలర్లు దక్షిణ అడుగుట మరియొక వింత. మూడు దినములు దాటినచో 600, వారము దాటినచో దస్త్రములకు నీళ్లు వదలుకొనవలసినదే యని ఆ తాఖీదులో గడువు కూడ వ్రాయబడియుండెను.

ఇందు విచారింపవలసిన విషయమొకటి కలదు. విండోస్ యంత్రములు ఒకదానికొకటి దస్త్రములు ఇచ్చిపుచ్చుకొను ద్వారమున ఒక లోపముండెను. అమెరికా దేశపు గూఢచార సంస్థ ఆ లోపమును కనుగొని తన అవసరములకై గుట్టుగా దాచుకొనెను. ఆ గుట్టు చౌర్యమునకు గురియై 2017 ఏప్రిల్ నెలలో బయలుపడెను. కాని అంతకు ముందే, మార్చి 14వ తేదినే, మైక్రోసాఫ్టు సంస్థ ఆ ద్వారమునకు గడియ సిద్ధముచేసి ఉచితముగ పంచిపెట్టియుండెను. మార్చి 14 నుండి మే 12 వరకు 59 దినములు. చిక్కినవన్నియు పాత ఎక్స్‌పీ యంత్రములని అప్పట్లో చెప్పుకొనిరి; అది సరికాదు. అత్యధిక భాగము విండోస్ ఏడవ శ్రేణి యంత్రములు. వానికి గడియ మార్చిలోనే వచ్చియున్నది. వేసికొనుటయే లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకుటకు ముందు రేవునందు ప్రమాద సూచికలెత్తిరి. సూచికను చూచి పడవను ఒడ్డునకు లాగని జాలరి ఒక్కడైన నుండునా? కంప్యూటరు తెరమీద "అప్‌డేట్ సిద్ధముగ నున్నది, యంత్రమును మరల తెరువుడు" అను సూచిక వచ్చినప్పుడు మాత్రము "తరువాత" అను మీటను నొక్కుట ఇంటింట అలవాటైపోయినది. పిల్లవాని పరీక్ష, టికెట్ల తొందర, డేటా అయిపోవునను భయము: కారణములకు కొదువ లేదు. వానిలో డేటా భయము ఒక్కటియే కొంత నిజమైనది. నెలకింతయని లెక్కచూచుకొని వాడు ఇంటిలో ఆ నవీకరణము బరువే. అట్టివారు నెలకొక దినము ఆ పనికే కేటాయింపవలెను. ఈ గడియలు ప్రతినెల రెండవ మంగళవారము అమెరికాలో వెలువడును. ఇచ్చటికది మంగళవారము రాత్రి. కనుక మరునాడు బుధవారము ఉదయమున యంత్రమును తెరచి, అప్‌డేట్ జరుగనిచ్చి, ఒకసారి మూసి మరల తెరచినచో ఆ నెల బాకీ తీరినట్లే.

అయితే గడియ వేయుటతోనే సర్వము సురక్షితమని తలచువారు ఆదిపర్వమున పరీక్షిన్మహారాజు కథను స్మరింపవలెను. శాపభయముచే రాజు ఒంటికంబపు మేడ కట్టించెను. మంత్రవేత్తలను, ఔషధములను, కాపలావారిని చుట్టును నిలిపెను. గాలి కూడ అనుమతి లేక చొరరాని మేడ. తక్షకుడు మేడను బ్రద్దలుకొట్టెనా? లేదు. నాగులు విప్రవేషములతో పండ్లు తెచ్చి ఆశీర్వదించిరి. రాజు స్వహస్తముతో పండును గ్రహించెను. అందులో చిన్న పురుగుండెను. అది చూచి కూడ ఆయన నవ్వుకొనెను.

ఇంటి యంత్రములకు వచ్చు ఆపద అధికముగ ఈ పండు మార్గముననే వచ్చును. బ్యాంకువారు పంపినట్లు, విద్యుత్ శాఖవారు పంపినట్లు, పార్సెల్ వచ్చినదన్నట్లు ఉత్తరములు వచ్చును. వానికి తగిలించిన దస్త్రమును తెరచుట పండు కొరుకుట. వీటికంటె ఘోరమైనది ఉచితముగ దొరకు దొంగ ప్రతుల వ్యామోహము. వేలు పెట్టి కొనవలసిన క్రమణికను "క్రాక్" అను పేరుతో ఊరక తెచ్చి ఎక్కించుట చాలచోట్ల మామూలైనది; అది తప్పని తోచుట కూడ లేదు. స్టాప్ అనియు డీజేవూ అనియు పిలువబడు తాళముల వంశము, 2018, 2019 సంవత్సరముల నుండి, ముఖ్యముగ ఈ దొంగ ప్రతులలో దాగియే ఇండ్లలో ప్రవేశించినది. అది పెద్ద సంస్థల జోలికి పోదు. విద్యార్థులు, చిన్న దుకాణదారులు, గృహస్థులు దాని ఆహారము. పైగా ఆ క్రాక్ ఎక్కించునప్పుడు "మొదట మీ యాంటీవైరస్‌ను ఆపివేయుడు" అను సూచన కూడ ఉండును. కావలివానిని ఇంటికి పంపిన పిమ్మటనే లోనికి వత్తునను అతిథిని ఏ గృహస్థు రానిచ్చును? ఇచ్చట మాత్రము రానిచ్చుచున్నారు. విండోస్‌తో కూడ వచ్చు డిఫెండర్ అను కావలి చాలవరకు చాలినదే. దానిని ఆపకుండ ఉండుట ముఖ్యము. "మీ బ్రౌజరు పాతబడినది, ఇచ్చట నొక్కి అప్‌డేట్ చేసికొనుడు" అని వెబ్ పుటలో మెరయు బొమ్మ కూడ పండే. నిజమైన అప్‌డేట్ యంత్రపు సెట్టింగులలోనే వచ్చును గాని బజారులో పిలిచి ఈయబడదు.

ప్రతి యంత్రపు శ్రేణికి ఆయువు కలదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, ఏడవదానికి 2020 జనవరి 14తో, పదవదానికి 2025 అక్టోబరు 14తో గడియలు పంచుట ముగిసినది. పదవదానికి గృహస్థుల నిమిత్తము 2026 అక్టోబరు 13 వరకు పొడిగింపు ఒకటి ప్రకటింపబడెను; పేరు నమోదు చేసికొన్నవారికే అది చెల్లును. ఆ 2025 అక్టోబరు 14వ తేదినే, గూగుల్ సంస్థ విశాఖపట్టణమున ఐదేండ్లలో 15 బిలియను డాలర్లు వెచ్చింతునని ఢిల్లీలో ప్రకటించినది. ఊరంతయు ఆ వార్తనే చెప్పుకొనెను. అదే దినమున ఇంటిలోని తమ యంత్రమునకు కాపు తొలగినదని గమనించినవారు బహుకొలది.

అప్‌డేట్‌లనే నమ్మరాదను వాదము కూడ ఒకటి కలదు. దానిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అను మరియొక వ్యాధి పుట్టెను. యుక్రెయిన్ దేశమున పన్నుల లెక్కలు వ్రాయుటకు వాడు ఒక క్రమణికయొక్క అప్‌డేట్‌లోనే శత్రువులు దానిని కలిపిరి. లెక్కలు వ్రాయువారు ఈ సంగతి విని ఉలికిపడక తప్పదు. అది మెర్స్క్ నౌకాసంస్థను చుట్టుముట్టి, ముంబయి చెంతనున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఆ సంస్థవారి టెర్మినల్ పనిని కూడ నిలిపివేసెను. రేవు పట్టణమైన విశాఖకు ఇది పరాయి సంగతి కాదు. విషాదమేమనగా, డబ్బు చెల్లించినను అది విప్పబడునది కాదు. తాళము రూపమున వచ్చిన నాశనమది. అయినను, ఒకచోట మందులో విషము కలిసినదని మందులే మానినవాడు రోగమునకు చిక్కును. మందును నమ్ముచునే, మందు పనిచేయని దినమునకు ఏమి చేయవలెనో ఆలోచించుటయే వివేకము. దానికి ప్రతి తప్ప వేరు దారి లేదు.

ఈ గ్రంథాలయమున కూర్చున్నవారికి ప్రతి మహిమ వేరుగ చెప్పనక్కరలేదు. తాటాకు నిలుచునది కొలదికాలమే. ఆంధ్ర మహాభారతము తొమ్మిదివందల ఏండ్లకు పైగా నిలిచినదన్నచో, అది ఏ ఒక్క తాళపత్రమో చిరాయువగుటచే గాదు. చెద తినకమునుపే ఎవరో ఒకరు మరియొక ప్రతి వ్రాసి మరియొక ఊరిలో ఉంచుటచే. బ్రౌను దొర కడపలో పండితులకు జీతములిచ్చి చేయించినది ఈ పనియే. ఒక్క ప్రతియే యున్న కావ్యములెన్నో, ఆ ప్రతితోనే పోయినవి. గ్రామ లెక్కలు కూడ ఒకటి గ్రామమున, ఒకటి తాలూకా కచేరీలో ఉండెడివి. ఇచ్చట ఇల్లు కాలినను అచ్చట పొలము హద్దు నిలిచెడిది.

కంప్యూటరు పండితులు నేడు చెప్పునదియు ఇదియే: మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, అందొకటి వేరొక చోట. ఇంటికి ఇది పెద్ద ఖర్చు కాదు. బయట తగిలించు హార్డ్ డిస్క్ ఒకటి కొని, నెలకొకసారి దస్త్రములన్నియు దానిలోనికి ఎక్కించి, వెంటనే తీగ ఊడదీసి బీరువాలో పెట్టవలెను. తీగ ఊడదీయుటయే ఇందు కీలకము. ఎల్లప్పుడు తగిలించియున్న డిస్కునకు కూడ ఆ తాళము పడును. దానిని ప్రతి యనరాదు. ప్రాణసమానములైన ఛాయాచిత్రములు, పత్రములు మాత్రము మరియొక ప్రతి చేసి పొరుగూరిలోని కూతురింటనో తమ్మునింటనో ఉంచుట మేలు. ఏడాదికొకసారి ఆ ప్రతినుండి ఒక దస్త్రము తెరచి చూడవలెను. తెరవబడని ప్రతి ఉన్నదని నమ్ముట, చూడకుండ ధాన్యపు గాదె నిండియున్నదని వడ్డీకి అప్పు తెచ్చుట వంటిది.

ఉక్కు కర్మాగారమున ముప్పది ఏండ్లు పనిచేసి విశ్రాంతి గొన్న ఒక గృహస్థుని ఊహింపుడు. భార్య లేదు, ఆమె రూపము యంత్రములోని చిత్రములందు మాత్రమే. ఒకనాటి ఉదయము ప్రతి చిత్రము పేరు చివర తెలియని అక్షరములు మొలచి, తెరమీద డాలర్ల తాఖీదు వెలయును. అప్పుడు ఆయన చేయవలసిన మొదటి పని ఇంటర్నెట్టు తీగను లాగివేసి, వైఫైని ఆపుట. రెండవది ఆ తాఖీదును ఫోనుతో చిత్రము తీయుట. మూడవది 1930 సంఖ్యకు ఫోను చేసి కేంద్రప్రభుత్వపు సైబరు నేరముల పోర్టలునందు ఫిర్యాదు వ్రాయించుట. ఇట్టి పని సమాచార సాంకేతిక చట్టము, 2000 ప్రకారము మూడేండ్ల వరకు ఖైదు కాదగిన నేరము. డబ్బు పంపుట మాత్రము కూడదు. వన్నాక్రై వేసినవారికి ఎవరు చెల్లించిరో ఎవరు చెల్లింపలేదో తెలిసికొను ఏర్పాటే సరిగా లేకుండెను. చెల్లించినవారిలో పలువురు వట్టిచేతులతో మిగిలిరి.

తాళము పడిన దస్త్రములను ఆశ వదలుకొని చెరిపివేయరాదు. 2016లో డచ్ పోలీసులును యూరోపోల్ సంస్థయు కొన్ని కంప్యూటరు సంస్థలతో కలిసి "నో మోర్ రాన్సమ్" అను ఉచిత భాండాగారమును తెరచిరి. పట్టుబడిన దొంగలవద్ద దొరకిన చెవులు, పండితులు కనుగొన్న చెవులు అందులో చేర్చబడుచుండును. ముందు చెప్పిన డీజేవూ వంశములోని పాత తాళములు అనేకము 2019 అక్టోబరులో ఎమ్సిసాఫ్ట్ అను సంస్థ విడుదల చేసిన ఉచిత సాధనముచే విప్పబడినవి. అప్పటికి సంవత్సరముగ దస్త్రములను చెరపక దాచుకొన్నవారు వానిని తిరిగి చూచుకొనిరి. కావున ఆ గృహస్థు ఆ డిస్కును ఊడదీసి, మీద తేది వ్రాసి, భద్రపరచవలెను. యంత్రమునకు వేరొక డిస్కు పెట్టించి విండోస్ మరల ఎక్కింపించుకొని, ఆ నెల రెండవ మంగళవారపు మరునాటి బుధవారమునకు పంచాంగములో గుర్తు పెట్టుకొనవలెను.