తీర్మానం నుంచి కొళాయి దాకా

(విద్యార్థుల అధ్యయన బృందం ఏర్పాటు చేసిన సభలో ఒక మాజీ మున్సిపల్ చైర్‌పర్సన్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పరిచయం చేస్తూ మీ మిత్రుడు 'పట్టణ మాజీ ప్రథమ పౌరురాలు' అన్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నేను ప్రథమ పౌరురాలినైన రోజున మా ఊళ్లో అందరికంటే ఆఖరున కొళాయి నీళ్లు వచ్చే పేట మాదే. హోదా మొదటిది, నీళ్లు చివరివి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం గురించే ఇవాళ మాట్లాడతాను.

కార్పొరేషన్ అయితే మేయర్ అంటారు, మున్సిపాలిటీ అయితే చైర్‌పర్సన్ అంటారు. పేర్లు వేరైనా ఆ కుర్చీ ముందుకొచ్చే సంగతులు ఒకటే. రాజ్యాధికారం అనగానే మన చూపు అసెంబ్లీ మీదికీ పార్లమెంటు మీదికీ పోతుంది. పోవాలి కూడా. కానీ పొద్దున ముఖం కడుక్కునే నీళ్ల దగ్గర్నుంచి చనిపోయాక పూడ్చే జాగా దాకా మన బతుకులో చాలా భాగం తేలేది మున్సిపల్ కౌన్సిల్‌లో. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూల్‌ను చేర్చింది. అందులో 18 అంశాలున్నాయి. తాగునీరు, పారిశుధ్యం, మురికివాడల అభివృద్ధి, వీధి దీపాలు, శ్మశానాలు, బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ. ఒక పట్టణంలో కులం ఎక్కడెక్కడ కాపురం ఉంటుందో తెలుసుకోవాలంటే ఆ జాబితా పట్టుకుని వీధులు తిరగండి చాలు.

మీరు చదువుకునేవాళ్లు కాబట్టి చట్టం సంగతి ఒకటి చెప్తాను. పంచాయతీల గురించి చెప్పే 243డి అధికరణం, అధ్యక్ష పదవుల్లో ఎస్సీ, ఎస్టీలకు జనాభా దామాషాలో, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా రిజర్వేషన్ ఇవ్వాలని స్పష్టంగా అంటుంది. మున్సిపాలిటీల గురించి చెప్పే 243టి అధికరణం వార్డు సభ్యుల సీట్లకు అదే లెక్క చెప్పింది. అధ్యక్ష పదవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, రాష్ట్ర శాసనసభ చట్టం చేసిన పద్ధతిలో రిజర్వ్ చేయాలని ఊరుకుంది. ఎన్ని పదవులు అన్నది చెప్పలేదు. పల్లెలో సర్పంచ్ కుర్చీకి ఉన్న హామీ పట్నంలో మేయర్ కుర్చీకి ఎందుకు లేదు? ఇది మీలో ఎవరైనా పరిశోధన చేయదగ్గ ప్రశ్న.

హామీ ఉన్నచోట కూడా ఏం జరుగుతుందో ఢిల్లీలో చూశాం. అక్కడ మేయర్ పదవి ఏడాదికొకరిది. మూడో ఏడాది ఎస్సీలకు రిజర్వు. 2024 ఏప్రిల్‌లో జరగాల్సిన ఆ ఎన్నిక వాయిదా పడి నవంబర్ 14న జరిగింది. గెలిచిన దళిత మేయర్‌కు మిగిలింది సుమారు ఐదు నెలలు. తప్పు ఏ పార్టీదని వాదించుకోవచ్చు. నేను చూసేది ఒక్కటే. ఐదేళ్లలో మనకని రాసిపెట్టిన ఒక్క ఏడాదిలో సగానికి పైగా ఎవరికీ పట్టకుండా కరిగిపోయింది.

మద్రాసు కార్పొరేషన్ 1688లో మొదలైంది. అక్కడ 1937లో జె. శివషణ్ముగం పిళ్లై మేయర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 1945లో ఎన్. శివరాజ్ మేయర్ అయ్యారు. అప్పటికే ఆయన బాబాసాహెబ్ స్థాపించిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు అధ్యక్షుడు. ఒక దళిత మహిళ ఆ నగరానికి మేయర్ కావడానికి మాత్రం 2022 దాకా ఆగాల్సి వచ్చింది. మూడు వందల ముప్ఫై ఏళ్లకు పైగా. కాబట్టి ఆ కుర్చీలో మనం కూర్చోవడం చిన్న సంగతి అని నేను అనను.

అయితే కూర్చుంటే సరిపోతుందా? దీనికి మహాడ్ కంటే మంచి పాఠం లేదు.

1923 ఆగస్టులో బొంబాయి శాసన మండలిలో ఎస్.కె. బోలే తీర్మానం పెట్టారు. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన, నడిచే బావులూ చెరువులూ బడులూ అంటరానివారికి తెరవాలన్నది దాని సారం. 1924 జనవరిలో మహాడ్ మున్సిపాలిటీ తన పరిధిలోని చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ తీర్మానం చేసింది. ఆ మున్సిపాలిటీ అధ్యక్షుడు సురేంద్రనాథ్ టిప్నిస్ దళితుడు కాదు, కానీ మన పక్షాన నిలిచాడు. కాగితం మీద పని అయిపోయింది. కానీ మూడేళ్ల పాటు ఒక్క దళితుడు కూడా ఆ చెరువులో దోసిలి ముంచలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలాది మందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగాకే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది.

మనం మామూలుగా కథను ఇక్కడ ఆపుతాం. ఆ తరువాతది కూడా చదవండి. తిరిగి వెళ్తున్నవాళ్ల మీద దాడి జరిగింది. చెరువును పేడతో, గోమూత్రంతో 'శుద్ధి' చేశారు. అదే ఏడాది ఆగస్టులో అదే మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. డిసెంబర్‌లో చెరువు ప్రైవేటు ఆస్తి అంటూ సవర్ణులు కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు చెప్పేసరికి 1937 మార్చి 17 వచ్చింది. ఆ చెరువు మున్సిపాలిటీదే అని తేలడం ఆ గెలుపుకు ఒక ఆధారం.

మహాడ్ నాకు నేర్పింది ఇది. తీర్మానం ఉండి అడుగులు లేకపోతే చెరువు అందదు. అడుగులు పడ్డాక కూడా కౌన్సిల్‌లో మన మాట చెల్లకపోతే ఒక్క సమావేశంలో అంతా వెనక్కి పోతుంది. రెండూ కావాలి, రెండూ ఒకేసారి కావాలి.

ఇప్పుడు నా ఊరి సంగతి. మాదొక చిన్న మున్సిపాలిటీ. చైర్‌పర్సన్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వు అయినప్పుడు పెద్దలు నా దగ్గరికి వచ్చారు. నా మీద ప్రేమతో కాదు, నేను నోరు లేనిదాన్నని. మొదటి నెల ఫైళ్లు మా ఇంటికొచ్చేవి, మా ఆయన ముందు పెట్టేవాళ్లు. "అమ్మగారు సంతకం పెడితే చాలు" అనేవాళ్లు. ఆయన ఆటో నడుపుతాడు. ఒకరోజు వాళ్లతో, "బాబూ, గెలిచింది ఆవిడ, నాకు కిరాయి ఉంది" అని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఫైళ్లు ఆఫీసులోనే చదవడం మొదలుపెట్టాను. అర్థం కాని మాటలు మా పేటలో డిగ్రీ చదివే పిల్ల దగ్గర రాత్రిళ్లు చెప్పించుకున్నాను.

ఆ ఫైళ్లలో నీళ్లు వదిలే వేళల కాగితం దొరికింది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి మెయిన్‌రోడ్డు వార్డులకు పొద్దున్నే గంటంబావు. మా పేటకు చివర్లో ఇరవై నిమిషాలు, అదీ ట్యాంకు ఖాళీ అయ్యే వేళ. ఎత్తు తక్కువ కాబట్టి నీళ్లు అందుతాయిలే అని సమర్థన. ఇది ఇంజనీరింగ్ లెక్క అనే ఇన్నేళ్లూ అందరం నమ్మాం. ఏఈని పిలిచి అడిగితే వేళలు మారిస్తే సాంకేతికంగా ఇబ్బందేమీ లేదన్నాడు. "మరి ఎందుకు మార్చలేదు?" అంటే, "ఎవరూ అడగలేదు మేడమ్" అన్నాడు. ఆడవాళ్లు బిందెలతో ఆఫీసు ముందు కూర్చున్నది అడగడం కింద లెక్కకు రాలేదు. అడగడమంటే అజెండాలో ఒక అంశంగా రావడం.

అజెండాలో పెట్టాను. వంతుల వారీగా ప్రతి వార్డుకూ సమానంగా నీళ్లు. వాదన జరిగింది, అరుపులు జరిగాయి, తీర్మానం పాసయింది. మరుసటి రోజు పొద్దున మా కొళాయికి మళ్లీ ఇరవై నిమిషాలే. మా చట్టంలో కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది, ఆయన జవాబుదారీ పైన ప్రభుత్వానికి. తీర్మానం నాది, వాల్వ్ నాది కాదు. వాల్వ్ తిప్పే కార్మికుణ్ణి అడిగితే, "నాకు కాగితం రాలేదమ్మా, మార్చితే నన్ను కొడతారు" అన్నాడు. అతనూ మనవాడే. అతని భయం అబద్ధం కాదు.

అప్పుడు నాకు మహాడ్ తెలియదు, తరువాత చదివాను. కానీ చేసింది మాత్రం అదే. తెల్లవారుజామున నాలుగింటికి పేట ఆడవాళ్లం ముప్ఫై మందిమి వాల్వ్ దగ్గరికి వెళ్లి నిలబడ్డాం. నా చేతిలో తీర్మానం నకలు ఉంది. వాల్వ్‌ను మేం ముట్టుకోలేదు. ఆ కార్మికుడి పక్కన నిలబడ్డాం, అంతే. ఐదో రోజు కమిషనర్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా ఆదేశం వచ్చింది. ఆ రోజు మా పెద్దమ్మ కొళాయి కింద బిందె పెట్టి, నిండాక కూడా కట్టలేదు. పొర్లిపోనిచ్చి చూసింది. నేను కోప్పడలేదు.

గెలిచిందే చెప్పి పోతే మీకు అన్యాయం చేసినట్టు. ఓడిందీ చెప్పాలి. మా పారిశుధ్య కార్మికులు కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు. నెలల తరబడి జీతాలు రావు, చేతికి తొడుగులు లేవు. కాంట్రాక్టు వెనక ఉన్నది నా ఎన్నికలో నాకు చెయ్యెత్తిన కౌన్సిలరే. నీళ్ల అంశానికి ఓట్లు కావాలి కాబట్టి జీతాల అంశాన్ని వచ్చే సమావేశానికి, ఆపై సమావేశానికి జరుపుతూ పోయాను. 2013 చట్టం ప్రకారం మురుగు కాలువలోకీ సెప్టిక్ ట్యాంకులోకీ రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం నేరం. పారిశుధ్యానికి ఆధునిక యంత్రాలు వాడాల్సిన బాధ్యతనూ ఆ చట్టం స్థానిక సంస్థ మీద పెట్టింది. అలాంటి పనిలో చనిపోయినవారి కుటుంబానికి 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలు ఇవ్వాలంది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఇవన్నీ తెలిసి కూడా ట్యాంకు ఖాళీ చేసే యంత్రం కొనడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో మా ఊళ్లో ఎవరూ చనిపోలేదు. అది నా గొప్ప కాదు, వాళ్ల అదృష్టం. బాబాసాహెబ్ బొంబాయిలో మున్సిపల్ కార్మికులకు సంఘం పెట్టారని వేదికల మీద చెప్పేదాన్ని, నా ఆఫీసు మెట్లు ఊడ్చే ఆవిడ జీతం మాత్రం అడగలేకపోయాను. కుర్చీ మనిషికి గౌరవం ఇస్తుంది, భయం కూడా నేర్పుతుంది.

జోతిరావు ఫూలే 1876 నుంచి కొన్నేళ్లు పుణె మున్సిపాలిటీ సభ్యుడు. వైస్రాయ్ లిట్టన్ రాక కోసం మున్సిపాలిటీ సొమ్ము ఖర్చు చేయాలన్నప్పుడు ఆ డబ్బు పేదల చదువుకు పెట్టండని వ్యతిరేకించిన సభ్యుడు ఆయనొక్కడే. ఓడిపోయే ఓటు కూడా రికార్డులో ఉండిపోతుందని ఆయనకు తెలుసు. జీతాల అంశం ఓడిపోయినా సరే, నేను రికార్డులోకి ఎక్కించాల్సింది.

నా పదవీకాలం ముగిసింది, రొటేషన్‌లో రిజర్వేషన్ మారింది. కొత్త పాలకవర్గం వచ్చిన కొన్నాళ్లకే నీళ్ల వేళలు మళ్లీ పాత దారి పట్టాయి. మహాడ్‌లో మూడేళ్లకు జరిగిన రద్దు, మాకు మూడు నెలల్లో, తీర్మానం కూడా లేకుండానే జరిగిపోయింది. ఈసారి మా పేట ఆడవాళ్లు నా కోసం రాలేదు. పాత తీర్మానం నంబరు వాళ్ల దగ్గర రాసిపెట్టుకుని ఉంది. దాన్ని పట్టుకుని వాళ్లే కమిషనర్ దగ్గరికి వెళ్లారు. "రద్దు చేసిన తీర్మానం చూపించండి, లేకపోతే నీళ్లు వదలండి" అన్నారట. పది రోజులు తిరిగారు. నీళ్లు వచ్చాయి. నన్ను అడిగితే ఆ ఐదేళ్లలో నేను చేసిన అసలు పని అదే. ఒక నంబరు వాళ్ల నోటికి వచ్చేలా చేయడం.

మిమ్మల్ని నేను కోరేది పెద్దదేమీ కాదు. మీరు విధానాల మీద వ్యాసాలు రాస్తారు, మంచిదే. మీ సొంత ఊరికి సెలవులకు వెళ్లినప్పుడు ఒక్కసారి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి కౌన్సిల్ తీర్మానాల పుస్తకం అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. దళితవాడ పేరు ఎన్ని అంశాల్లో ఉందో, ఎన్ని తీర్మానాలు కాగితం దాటి వీధిలోకి వచ్చాయో లెక్క రాయండి. ఆ లెక్కను మీ పేట వాళ్లకు తెలుగులో చదివి వినిపించండి. కుర్చీలో ఉన్నవాళ్లు మనవాళ్లయితే వాళ్లకు అది బలం, కాకపోతే వాళ్ల మీద ఒక కన్ను.

మా పెద్దమ్మ ఇప్పుడు బిందె నిండగానే కొళాయి కట్టేస్తోంది. రేపు కూడా నీళ్లు వస్తాయని నమ్మకం కుదిరినట్టుంది. ఆ నమ్మకం నిలబెట్టడమే పట్టణ ప్రథమ పౌరుల పని.

జై భీమ్.