పునఃప్రారంభము చాలదు

బ్యాంకు ఖాతా మొదలు రైలు టిక్కెట్టు వరకు నేడు మన వ్యవహారములు పెక్కు కంప్యూటరు ప్రోగ్రాములతో నడుచుచున్నవి. ఏ ప్రోగ్రామును ఒంటరిగా పనిచేయదు. అన్యులు వ్రాసిన లైబ్రరీలపై ఆధారపడి యుండును. ప్రోగ్రామును, దాని లైబ్రరీలను ఒకే కట్టగా చేర్చి, ఎక్కడనైనను ఒకే తీరున నడుపు పద్ధతిని కంటెయినర్ పద్ధతి యందురు. 2013లో వెలువడిన డాకర్ దీనికి విశేష ప్రచారము కలిగించినది.

ఇందు ఇమేజి అచ్చు వంటిది. కంటెయినర్ ఆ అచ్చున తీసిన బొమ్మ. ఇమేజిని నిర్మించిననాడు చేరిన లైబ్రరీలే అందు నిలిచియుండును. లైబ్రరీల పట్టికలో క్రొత్త వెర్షను సంఖ్య వ్రాసి, కంటెయినర్‌ను ఆపి మరల నడిపినచో లేచునది పాత బొమ్మయే. ముందు ఇమేజిని పునర్నిర్మింపవలెను. పిమ్మట పాత కంటెయినర్‌ను తొలగించి, క్రొత్త ఇమేజినుండి వేరొకటి పుట్టింపవలెను.

ఈ భేదమెంత ముఖ్యమో 2021 డిసెంబరులో తేటపడినది. లాగ్‌ఫోర్‌జే అను జావా లైబ్రరీలో, దూరముననున్న దుండగులు సర్వరును వశపరచుకొనుటకు వీలిచ్చు లోపము బయల్పడినది. సవరణగా 2.15.0 వచ్చినది, అది చాలక ఆ నెలలోనే 2.16.0, 2.17.0 వెలువడినవి. ప్రతిమారును ఇమేజిని మరల నిర్మింపవలసియే యుండెను. కేవలము ఆపి నడిపినచో దొంగకు తలుపు తెరచియే యుండును.

మరొక జాగ్రత్త. పట్టికలో మార్పు కానరానిచో, డాకర్ పూర్వము దాచిన పొరనే తిరిగి వాడును. కావున వెర్షను సంఖ్యను స్పష్టముగా వ్రాయవలెను. పని ముగిసిన పిమ్మట, నడుచుచున్న కంటెయినర్ లోపలనే ఆ సంఖ్యను చూచి నిర్ధారించుకొనవలెను.