చదువు ఆపం అని ముందు మాట ఇద్దాం

(నందిగామలో ఆదివాసీ విద్యార్థి, యువజన సమావేశంలో మాట్లాడిన మాటలు)





నేను డిగ్రీ చదివేటప్పుడు తండా అమ్మాయి ఒకామె మాతోపాటు చదివేది. ఇంటర్నల్ మార్కుల పేరు చెప్పి ఒక సారు ఆమెను వేధించాడు. ధైర్యం చేసి ఇంట్లో చెప్పింది. నెల తిరక్కుండానే పెళ్ళి చేసేశారు. సారు ఉద్యోగం సారుకు ఉంది, మన పిల్ల చదువు పోయింది. ఆ తర్వాత మా క్లాసులో ఏ అమ్మాయీ నోరు తెరవలేదు. ఎందుకు తెరుస్తుంది?

కృష్ణ దాటితే నాగార్జున విశ్వవిద్యాలయం. అక్కడ 2015 జూలై 14న ఆర్కిటెక్చర్ మొదటి ఏడాది విద్యార్థిని రిషితేశ్వరి హాస్టల్లో ప్రాణం తీసుకుంది. సీనియర్ల ర్యాగింగ్, వేధింపుల గురించి ఆమె రాసిన కాగితం ఆ తర్వాత దొరికింది. ప్రభుత్వం బాలసుబ్రహ్మణ్యం కమిటీ వేసింది. కేసు తొమ్మిదేళ్ళు నడిచి, 2024లో నేరం రుజువు కాలేదని గుంటూరు కోర్టు కొట్టేసింది. ఆ మాటలు ఆమె బతికుండగా ఎవరైనా కూర్చుని విని ఉంటే?

వినాల్సిన బాధ్యత కాలేజీదని చట్టం చెబుతోంది. రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయినందుకు భన్వరీదేవి అనే గ్రామ కార్యకర్తపై 1992లో సామూహిక అత్యాచారం చేశారు. ఆ పోరాటం వల్లే 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. 2016 నుంచి యూనివర్సిటీలకు, కాలేజీలకు యూజీసీ నిబంధనలు ఉన్నాయి. ప్రతిచోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి ఒక మహిళ అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. విద్యార్థుల విషయమైతే విద్యార్థి ప్రతినిధులూ కూర్చోవాలి.

ఇవి గుర్తు పెట్టుకోండి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఇస్తారు. రాయలేకపోతే రాయడానికి కమిటీయే సాయం చెయ్యాలి. తొంభై రోజుల్లో విచారణ ముగించాలి. ఈలోగా ఆ సారు మీ పేపర్లు దిద్దకుండా ఆపమని అడగొచ్చు. డబ్బులిచ్చి రాజీ చెయ్యడం కుదరదు. మెసేజీలు, కాల్ వివరాలు చెరపొద్దు. తేదీ, టైము, చోటు, చూసినవాళ్ళ పేర్లు ఆ రోజే నోట్‌బుక్‌లో రాసిపెట్టండి.

వేధించినవాడు ఎస్సీ, ఎస్టీ కాకపోతే మనకు 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా ఉంది. గిరిజన మహిళను ఆమె ఇష్టం లేకుండా తాకినా, లైంగికంగా మాట్లాడినా, సైగ చేసినా నేరమే. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. ఎక్కడ జరిగినా మీకు దగ్గరున్న స్టేషన్లో జీరో ఎఫ్ఐఆర్ అడగొచ్చు. ఆడవాళ్ళకు, ఎస్టీలకు ఉచితంగా లాయర్ని పెట్టే ఏర్పాటు ఉంది, కోర్టులో న్యాయ సేవా కమిటీని అడగండి. ఆపద వస్తే 112, మహిళల సాయానికి 181. పద్దెనిమిదేళ్ళ లోపు ఇంటర్ పిల్లలకైతే పోక్సో వర్తిస్తుంది.

ఇన్ని ఉన్నా కాగితం కమిటీ దాకా ఎందుకు పోవట్లేదు? మన పిల్ల వాడికంటే ఎక్కువ మనకే భయపడుతోంది. చెబితే బస్ పాస్ లాక్కుంటారని, హాస్టల్ మాన్పిస్తారని, సంబంధాలు చూస్తారని. తండా పెద్దలు కూర్చుని పరువు పేరుతో సర్దుబాటు చేస్తారని. అమ్మానాన్నల భయం నాకు తెలుసు, కూలి చేసి చదివిస్తున్నారు. కానీ పిల్లను ఇంటికి తెచ్చేస్తే గెలిచేది వాడే.

తమ్ముళ్ళూ, మీకో మాట. బస్సులో, వాట్సాప్ గ్రూపులో మన పిల్లల మీద జోకు వేసేవాడు మన స్నేహితుడైనా ఆపండి. ఫిర్యాదు ఇవ్వడానికి చెల్లి వెళ్తే పక్కన నడవండి, ఆమె పేరు మాత్రం ఊళ్ళో పలకొద్దు.

ఈ రాత్రి ఇంటికెళ్ళి కాలేజీకి పోయే మీ పిల్లతో ఒక్క మాట చెప్పండి: "ఏం జరిగినా మాకు చెప్పు, నీ చదువు ఆపం." రేపు కాలేజీలో కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు గోడ మీద ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అడుగుదాం, అందరం కలిసి పోయి అడుగుదాం.

జై ఆదివాసీ!