వరద వచ్చినా ఖాళీ చేయని ఊరు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో నా పేరు ఎదుట ‘విదేశ యాత్రానుభవాలు’ అని వేశారు. ఈఫిల్ టవరు మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారికి మనవలు ఫోనులో చూపించే ఉంటారు. కాబట్టి దాని జోలికి పోను. మా అబ్బాయి ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే పట్టణంలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, 2018 జూలైలో, మా దంపతులం వెళ్ళి రెండు నెలలు ఉన్నాం. అప్పుడు చూసిన ఒక కొండ ఊరి గురించి మాత్రం మనవి చేస్తాను.

ఊరి పేరు బొన్‌వాల్ సుర్ ఆర్క్. ఆర్క్ నది ఒడ్డున ఉన్న మంచి లోయ అని అర్థం. ఫ్రాన్సుకు ఆగ్నేయాన, ఇటలీ సరిహద్దు పక్కన, ఆల్ప్స్ పర్వతాల్లో సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊటీ అంతకన్నా ఎత్తే, కానీ ఊటీలో ఇళ్ళ మీద మంచు పేరుకోదు. ఇక్కడ శీతకాలం వస్తే ఊరికి పైనున్న ఇజరాన్ కనుమ దారి నెలల తరబడి మూసుకుపోతుంది. ఆ లోయలో చివరి ఊరు ఇదే. జనాభా 250 దాకా ఉంటుంది. మన లెక్కలో ఒక వీధి.

ఇళ్ళు చూస్తే ముచ్చట వేసింది. గోడలు రాయి, కప్పు కూడా రాయే. లోజ్ అంటారు, మన కడప బండల్లాంటి పలకలు, ఒకదాని మీద ఒకటి పేర్చి కప్పుతారు. ఆ బరువు మొయ్యడానికి కింద దూలాలు ఎంత లావుండాలో ఆలోచించండి. కిటికీలు చిన్నవి, చలికి. ఒక ఇంటి ముందు కొయ్య వసారా చూపించి, మేము దిగిన ఇంటావిడ ఏదో చెబుతుంటే మా అబ్బాయి తెలుగులో చెప్పాడు. వెనకటి రోజుల్లో ఆ వసారాల మీద గొర్రెల పెంట ఎండబెట్టేవారట. ఆ ఎత్తున చెట్లు పెద్దగా ఉండవు, వంటచెరకు లేదు. చలికాలమంతా గొర్రెలు తొక్కి గట్టిపడిన పెంటను వసంతకాలంలో ఇటుకల్లాగా కోసి, ఎండలో పెట్టి, మరుసటి చలికాలానికి పొయ్యిలో వాడేవారు. మా ఆవిడ వెంటనే ‘పిడకలు!’ అంది. ఇంటావిడకు మాట అర్థం కాలేదుగాని భావం అర్థమైంది. తరవాత వాళ్ళిద్దరూ అరగంట సేపు, ఒకరి భాష ఒకరికి రాకుండానే, పిడకల గురించి మాట్లాడుకున్నారు.

ఇంకో సంగతి. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు ఆ లోయలో చాలా కుటుంబాలు చలికాలం పశువులతో పాటు ఒకే గదిలో కాపురం ఉండేవి. ఒక పక్క ఆవులు, గొర్రెలు, ఒక పక్క మంచాలు, భోజనాల బల్ల. ఆవుల ఒంటి వేడే వాళ్ళకు కుంపటి. ఇది చెప్పేటప్పుడు ఆవిడ సిగ్గుపడనూ లేదు, గొప్పలు పోనూ లేదు. అది నాకు నచ్చింది. మనం పూర్వపు రోజుల గురించి మాట్లాడితే ఈ రెంటిలో ఏదో ఒకటి చేస్తాం.

ఇంత కష్టమైన చోట మనిషి ఎందుకుంటాడు? ఉండలేకపోయారు కూడా. ఆ లోయ నుంచి ఎందరో పారిస్ వెళ్ళి టాక్సీలు నడుపుకుని బతికారు. యువకులు దిగిపోయారు, ముసలివాళ్ళు మిగిలారు. ఆ పైన 1957 జూన్‌లో వానలు, కరుగుతున్న మంచు కలిసి ఆర్క్ నదికి మహా వరద వచ్చింది. లోయ పొడుగునా రోడ్లు, వంతెనలు, ఇళ్ళు కొట్టుకుపోయాయి. బొన్‌వాల్‌లోకి రాళ్ళూ బురదా వచ్చిపడ్డాయి. ఇక ఈ ఊరు వదిలెయ్యడమే మేలన్న మాట కూడా వచ్చింది. ఊరివాళ్ళు వదలలేదు.

అప్పటికి ఏడాది ముందే, 1956లో, జిల్బేర్ ఆంద్రే అనే యువకుడు అక్కడ మేయరు అయ్యాడు. మేయరంటే మన సర్పంచి అనుకోండి. ఆ ఊళ్ళో పుట్టినవాడు కాదు, బయటినుంచి వచ్చినవాడు. 1995 దాకా ఆ పదవిలోనే ఉన్నాడు. 39 ఏళ్ళ సర్వీసు! మన సంఘంలో అంత సర్వీసు ఉన్నవారు చేతి వేళ్ళకు సరిపోతారు, వారికి కూడా మధ్యలో బదిలీలున్నాయి.

ఆయన హయాంలో ఊరు మరమ్మతు చేసుకున్నారు. కరెంటు తీగలు, టెలిఫోను తీగలు భూమిలోంచి వేశారు. ఇళ్ళ మీద టీవీ యాంటెనాలు కనపడకూడదన్నారు. నేను తల ఎత్తి వెతికాను, ఒక్క తీగ లేదు. ఉద్యోగంలో ఉండగా స్తంభాల మధ్యే తిరిగినవాణ్ణి కనక నా కన్ను ముందు అటే పోతుంది. మంచు మీద జారే ఆట కోసం టూరిస్టులు వచ్చే రోజులు వచ్చాయి. 1968లో అక్కడా అందుకు తీగమార్గాలు పెట్టారు. కాని పాత ఊరి నడుమ హోటళ్ళు లేపలేదు. పక్కనే ట్రలెంతా అనేచోట కొత్త ఇళ్ళు కట్టుకున్నారు, అవీ రాతి గోడలతో, రాతి కప్పుతో. ఫ్రాన్సు దేశపు మొట్టమొదటి జాతీయ పార్కు వానువాజ్ 1963లో ఆ కొండల్లోనే ఏర్పడింది. అది రావాలని మొదటినుంచీ పట్టుబట్టినవారిలో ఈయన ఒకడు. కొండమేకలు బతకాలి, కొండ మనుషులూ బతకాలి అని ఆయన వాదన.

మనుషులు దేనితో బతుకుతారు? పాలతో. ఆ లోయ పాలు సహకార సంఘానికి పోతాయి, అక్కడ బోఫోర్ తయారవుతుంది. తుపాకుల బోఫోర్సు కాదు లెండి, జున్నులాంటి చీజు! ఒక్కొక్క చక్రం 40 కిలోల దాకా తూగుతుంది. కిలోకు పది లీటర్ల పాలు పడతాయి కనక చక్రానికి 400 లీటర్లు. కనీసం ఐదు నెలలు మాగబెడతారు. పాలు ఏ జాతి ఆవులవి కావాలో, ఏ ప్రాంతానివి కావాలో 1968 నుంచీ చట్టబద్ధమైన నియమాలున్నాయి. ఆ పేరు ఇంకెవరూ పెట్టుకోకూడదు. అందుకే ధర పలుకుతుంది. ధర పలుకుతుంది కనక కుర్రవాడు కొండమీద ఆవుల్ని మేపడానికి ఒప్పుకుంటాడు. రాతికప్పు ఇల్లు నిలబడిందంటే కింద దూలంతో పాటు ఈ పాల లెక్క కూడా కారణమని నాకనిపించింది.

మర్నాడు ఇజరాన్ కనుమ ఎక్కాం. 2,764 మీటర్లు. 1937లో వేసిన రోడ్డు. జూలైలో కూడా పక్కన మంచు ఉంది. కనుమ దిగి అవతలి లోయలోకి వెళితే షెవ్రిల్ జలాశయం వస్తుంది. దాని అడుగున తీన్య్ అనే పాత ఊరుంది. యుద్ధం తరవాత దేశానికి కరెంటు కావలసివచ్చి 180 మీటర్ల ఎత్తు ఆనకట్ట కట్టారు. ఊరివాళ్ళు ఎదురు తిరిగితే పోలీసుల్ని దింపారు. 1952 వసంతంలో ఊరు మునిగింది. అంతకు ముందే శ్మశానంలోని సమాధులు తవ్వి పెద్దల అస్థికలు పైకి తెచ్చుకున్నారు. పాత చర్చి నమూనాలోనే కొత్త చర్చి కట్టారు. తనిఖీ కోసం జలాశయం పూర్తిగా ఖాళీ చేసినప్పుడల్లా పాత గోడల మొదళ్ళు బయటపడేవి, జనం వచ్చి చూసేవారు. అలా చివరిగా ఖాళీ చేసింది 2000లో.

నేను అక్కడ కారు దిగి చాలాసేపు నిలబడ్డాను. మీలో కొందరికి తెలుసు, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో శ్రీశైలం ముంపు భూముల సర్వేలో పనిచేశాను. 1981లో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద గ్రామాలు నీటి కిందకు వెళ్ళాయి. కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురం తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. ఆ పనివాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. ఇప్పుడు చూస్తే ఆ గుడి అక్కడే పుట్టిందనిపిస్తుంది. కాని ఆ గుడి చుట్టూ దీపాలు పెట్టిన ఊళ్ళకు అంకెలు వేసి తేవడం ఎవరి తరమూ కాలేదు. ఆనకట్టలు అక్కర్లేదని నేననను. ఆ జీతంతోనే పిల్లల్ని చదివించాను, ఆ కరెంటుతోనే ఈ మైకు పనిచేస్తోంది. ఒక కనుమకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళు, ఐదేళ్ళ తేడాలో నీళ్ళు చూసిన ఊళ్ళు. ఒకటి వరదకు లొంగలేదు, రెండోదానికి ఆ అవకాశం ఇవ్వలేదు.

మన సంఘం తరఫున సభ్యులందరూ తమ తమ ఊళ్ళ చరిత్ర రాయాలని కార్యదర్శిగారు అన్నారు. మంచి మాట. రాయండి. గుళ్ళూ శాసనాలతో పాటు, మీ ఊళ్ళో ఇప్పుడు పాలు ఎవరు పోస్తున్నారు, ఎవరి పిల్లలు ఊళ్ళోనే ఉన్నారు, వాళ్ళకేం గిట్టుతోంది, ఇవి కూడా రాయమని నా మనవి.

మా ఊళ్ళో మా నాన్నగారి మండువా ఇల్లు తాళం వేసి ఉంది. పట్నంనుంచి పాత కలప బేరగాడు వచ్చి టేకు స్తంభాలకు, సింహద్వారానికి ధర కట్టి వెళ్ళాడు. మంచి ధరే. పక్కింటి రైతు కుర్రవాడు మాత్రం, ఇల్లు అద్దెకిస్తే వెనక దొడ్లో పది గేదెలు పెట్టుకుంటానంటున్నాడు. అద్దె పెద్దగా ఇవ్వలేడు. సంక్రాంతికి అన్నదమ్ములం నలుగురం అక్కడే కలుస్తున్నాం. బేరగాడికి పండగ వెళ్ళాక కబురు చేస్తామని చెప్పాం. నా ఓటు గేదెలకే. మిగతా ముగ్గురి సంగతి ఇంకా తెలియదు.