తాళంచెవి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)

ముందు వరసలో మా లెక్కల మాస్టారు కూర్చుని ఉంటే మైకు ముందు నిలబడడానికి ఈ వయసులో కూడా నాకు అరచేతులు చెమట పడుతున్నాయి. మిత్రులారా, "అమెరికాలో నువ్వు సాధించినవాటి గురించి పది నిమిషాలు మాట్లాడు" అన్నాడు మన కార్యదర్శి. సాధించినవాటి సంగతి వదిలేయండి. అక్కడ ఒకాయన నా దగ్గర దాచుకున్న తాళంచెవి గురించి చెబుతాను.

నేనుండేది కొలరాడో స్ప్రింగ్స్‌లో. ఊరి పక్కనే ఫోర్ట్ కార్సన్ అనే పెద్ద సైనిక స్థావరం ఉంది. అందుకే మా వీధుల్లో మాజీ సైనికులు ఎక్కువ. మా పక్కింటాయన ఇరాక్‌లో రెండు విడతలు పనిచేసి వచ్చాడు. మా పిల్లలకు సైకిలు నేర్పింది ఆయనే. భార్య విడిచి వెళ్లిపోయిన ఏడాది చలికాలంలో ఒక రాత్రి మా తలుపు కొట్టి, "నా తుపాకి కొన్నాళ్లు మీ ఇంట్లో పెడతావా?" అని అడిగాడు. ఎందుకని నేను అడగలేదు. ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

నిజం చెప్పాలంటే భయపడ్డాను. తుపాకి పట్టుకోవడం కూడా నాకు రాదు. పైగా కొలరాడోలో 2013 నుంచి ఒకరి తుపాకి ఇంకొకరి చేతికి పోవాలంటే నేరచరిత్ర తనిఖీ జరగాలి. 72 గంటలలోపు తాత్కాలికంగా ఇస్తే మినహాయింపు ఉంది. ఆయన బాధ మూడు రోజుల్లో తీరేదా? మంచికి పోతే కేసు మెడకు చుట్టుకుంటుందేమోనని తటపటాయించాను. ఆ తటపటాయింపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చివరికి ఇద్దరం ఆలోచించి ఒక ఏర్పాటు చేసుకున్నాం. తుపాకి ఆయన ఇంట్లోనే ఇనప పెట్టెలో ఉంటుంది, తాళంచెవి మా ఇంట్లో ఉంటుంది.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీర్ని. కరెంటు ఆఫీసులో చేసిన మిత్రులు ఇక్కడున్నారు, వాళ్లకు చెప్పక్కర్లేదు. ఎల్‌సీ తీసుకుని మనిషి స్తంభం ఎక్కితే, ఆయన దిగి వచ్చి చెప్పేదాకా లైను చార్జ్ చేయకూడదు. ఎవరి తెలివితేటల మీదో అనుమానంతో పెట్టిన నియమం కాదది. ఎంత మంచి పనివాడికైనా ఒక చెడ్డ క్షణం వస్తుందని పెట్టింది.

ఆ రాత్రి తరవాత ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. 2022లో అమెరికాలో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసుకున్నారని వాళ్ల సంక్షేమ శాఖ లెక్క. అంటే రోజుకు 17 మందికి పైనే. వీరిలో నూటికి 73 మంది చేతిలో ఉన్నది తుపాకే. "చావాలనుకున్నవాణ్ణి ఎవరాపుతారు?" అని మనం అనేస్తుంటాం. నేనూ అనేవాణ్ణి. అది తప్పు. ప్రయత్నించి బతికి బయటపడినవారిలో పదికి తొమ్మిది మంది ఆ తరవాత ఆత్మహత్యతో పోరని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ఉధృతి చాలామందిలో కాసేపే ఉంటుంది. తుపాకి మాత్రం రెండో అవకాశం ఇవ్వదు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో, సైనికులు వారాంతపు సెలవుకు ఇంటికి తుపాకులు తీసుకెళ్లకుండా ఆపింది. వాళ్లలో ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయి.

ఇంత తెలిసీ చట్టం ఎందుకు చేయరంటారా? చేశారు, కానీ ముక్కలు ముక్కలుగా. 2005 నాటి కేంద్ర చట్టం ప్రకారం పిస్తోలు అమ్మే దుకాణదారు దానితోపాటు తాళమో పెట్టెో ఇవ్వాలి. ఇవ్వాలని ఉంది గానీ కొన్నవాడు వేయాలని లేదు. ఇంట్లో తుపాకికి ఎప్పుడూ తాళం ఉండాలన్న వాషింగ్టన్ నగర నిబంధనను 2008లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మా కొలరాడోలో 2021 నుంచి భద్రపరిచే చట్టం ఉంది, అది ప్రధానంగా పిల్లల చేతికి అందకుండా చూసేది. ఒంటరిగా ఉండే యాభై ఏళ్ల మనిషిని అదేం కాపాడుతుంది? నాకు ఎక్కువ ఆశ కలిగించింది సెనేటర్ ఆంగస్ కింగ్ తదితరులు తెచ్చిన బిల్లు. మాజీ సైనికులకు తాళం పెట్టెలు ప్రభుత్వమే ఇవ్వాలంటుంది అది. ఎవరి తుపాకీ లాక్కోదు. ఈ పెట్టె వల్ల ఏమవుతుందని కొందరు నవ్వుతారు, ప్రభుత్వానికి మా ఇంట్లో ఏం పనని కొందరు కోప్పడతారు. మా పక్కింటాయన రెండో రకం మనిషే. "తీసుకుపోతామంటే దాచేస్తాను. దాచిపెట్టమంటే ఆలోచిస్తాను" అన్నాడొకసారి. ఆ ఒక్క మాటతో ఆ బిల్లు నాకు బాగా అర్థమైంది.

ఇదంతా మన ఊళ్లో ఎందుకు చెబుతున్నానో మా బ్యాచి వాళ్లకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మూడో బెంచీలో నా పక్కన కూర్చున్నవాడు ఇవాళ ఈ సభలో లేడు. పత్తి దెబ్బతిన్న ఏడాది అది. మందు డబ్బా మంచం కిందే ఉంది. వాళ్ల చేను అక్కడికి మూడు మైళ్లు. ఆ మూడు మైళ్లు వాడు నడవాల్సి వచ్చి ఉంటే దారిలో ఎవరో ఒకరు పలకరించేవాళ్లు కదా అని ముప్పై ఏళ్లుగా అనుకుంటున్నాను. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. 1995 తరవాత ఇరవై ఏళ్లలో అక్కడ ఆత్మహత్యల రేటు సగానికంటే ఎక్కువే తగ్గింది. అక్కడి పల్లెల్లో ఇంటింటికీ తాళం పెట్టెలు ఇచ్చి చూస్తే మాత్రం ఫలితం కనపడలేదు. తాళంచెవి కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది కదా, అందుకేనేమో అని నా ఊహ. మనసు బాగోనప్పుడు మాట్లాడడానికి మనకిక్కడ 14416 నంబరుంది, డబ్బు కట్టక్కర్లేదు. మాస్టారూ, పిల్లల చేత ఆ నంబరు ఒకసారి రాయించండి.

మా పక్కింటాయన ఎనిమిది నెలల తరవాత తాళంచెవి అడిగి తీసుకున్నాడు. చేపలు పట్టడానికి వెళ్తున్నాడు, కాస్త ఒళ్లు కూడా చేశాడు. సంతోషించాం. మరుసటి నవంబరులో, మంచు మొదలవగానే, ఎవరూ అడగకుండా తనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఏటా అంతే. ఈసారి ఇండియా వస్తున్నానని చెబితే, "మరి తాళంచెవి?" అన్నాడు. మా ఆవిడకు అప్పజెప్పి, ఆ సంగతి ఆయనకు చెప్పి మరీ విమానం ఎక్కాను.